చీపురుబండి రాకముందే

ఆ పొడుగాటాయనకు అంతా గుర్తుందేమోనన్నదే ఆమె భయం. అంతకు మించిన భయం ఆమెకు లేదు. పిల్లాడికి ఒళ్ళు వెచ్చబడినా, భర్త వానలో కొండ దిగే పందెంలో ఉన్నా, ఆ దిగుళ్ళన్నీ దీని తర్వాతే.

ఆయన్ని జట్టులో అందరూ తాతయ్య అనేవారు. నిజానికి నలభై కూడా నిండలేదు. సైకిలు పందేల్లో ముప్పై దాటితే పెద్దవాడు, ముప్పై అయిదు దాటితే తాతయ్యే. పదహారేళ్ళు తొక్కి ఒక్క పందెమూ గెలవలేదు. గెలవడం ఆయన పని కాదు. గెలిచేవాడి ముందుండి గాలికి అడ్డుగా తొక్కడం, వాడి చక్రంలో గాలి పోతే తన చక్రం విప్పి ఇవ్వడం, వెనక వచ్చే జట్టు కారు దాకా వెళ్ళి అందరికీ నీళ్ళ సీసాలు మోసుకురావడం, అదీ ఆయన కొలువు. ఆమె భర్తదీ అదే. అతను కొత్తగా చేరినప్పుడు పని నేర్పింది తాతయ్యే. మలుపులో బ్రేకు ఎప్పుడు వదలాలో నేర్పాడు. ఇంటి మీద బెంగ పుడితే ఎక్కడ ఏడవాలో కూడా నేర్పాడు: "గుంపు చివరికి పో. ముక్కు చీదుతున్నట్టు నటించు. ఎవడూ నీ వంక చూడడు."

ఈ పందేలవాళ్ళలో ఒక మర్యాద ఉంది. దారి ఎవరి ఊరి మీదుగా పోతే వాణ్ణి గుంపు కాస్త ముందు పోనిస్తుంది. వాడు వెళ్ళి, ఇంటివాళ్ళ దగ్గర ఆగి, నాలుగు మాటలాడి, గుంపు రాగానే మళ్ళీ కలిసిపోతాడు. ఆ కాసేపూ ఎవరూ వేగం పెంచరు. ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదది, ఒకరి కోసం ఒకరు పాటించుకునేది.

ఆ ఏడు పందెం వాళ్ళ వీధిలోంచే వచ్చింది. పొద్దున్నించీ ఆమె కాలు ఒక్కచోట నిలవలేదు. చదువు తొమ్మిదితోనే ఆగిపోయిన మనిషి. పదిమందికి చెప్పగలిగేది తనకేముందని ఎప్పుడూ వెనకే నిలబడేది. ఆ రోజు మాత్రం వీధంతా ఆమెనే అడిగింది.

"గుంపు పోయింది కదాని రోడ్డు మీదికి దిగకండి పిన్నిగారూ," అంది పక్కింటావిడతో. "అన్నిటికన్నా ఆఖర్న ఒక వ్యాను వస్తుంది. చీపురుబండి అంటారు, వెనకబడ్డవాళ్ళని ఊడ్చుకుపోతుంది. అది దాటేదాకా రోడ్డు మనది కాదు."

"అబ్బో! మొగుడు సైకిలు తొక్కితే ఇన్ని తెలుస్తాయా? మా ఆయన ముప్పై ఏళ్ళు బస్సు తోలాడు, నాకు ఏ బస్సు ఎటు పోతుందో ఇప్పటికీ తెలీదు."

అతను రానే వచ్చాడు. ఒక కాలు కింద ఆనించి, చెమట ముఖంతోనే పిల్లాణ్ణి ముద్దుపెట్టుకున్నాడు. వాడి టోపీ తీసి తన హెల్మెట్ మీద పెట్టుకున్నాడు. వీధంతా గొల్లున నవ్వింది. ఇంతలో గుంపు వచ్చేసింది. కదులుతూ కదులుతూ టోపీ వెనక్కి విసిరాడు. అది గాలికి తేలి అవతలి గట్టున పడింది. గుంపు పోయింది, కార్లు పోయాయి, అందరి తలలూ అవి పోయిన వైపే తిరిగాయి. పిల్లాడు టోపీ కోసం ఆకాశం బద్దలయ్యేలా ఏడుపందుకున్నాడు. రోడ్డు ఖాళీగా ఉంది. రెండంగల్లో పోయి రావచ్చు కదా అనుకుంది. వాణ్ణి చంకనేసుకుని పరుగెత్తింది.

మలుపులోంచి టిక్‌టిక్‌మని చక్రం చప్పుడు వచ్చింది. తాతయ్య. చొక్కా వెనకా ముందూ సీసాలు కుక్కుకున్నాడేమో, వీపు మూపురంలా ఉబ్బి ఉంది. ఆమె రోడ్డు నడిమధ్య కొయ్యబారిపోయింది. ఆయన కళ్ళు ఆమెను చూశాయి, పిల్లాణ్ణి చూశాయి. హ్యాండిల్ పక్కకు తిప్పేశాడు. అటు గోడ ఉంది.

సీసాలు రోడ్డంతా దొర్లాయి. జనం వెనక్కి తిరిగేసరికి ఆమె గట్టు మీద ఉంది.

"అయ్యయ్యో, ఎలా పడ్డాడమ్మా?" అంది పక్కింటావిడ.

"చూడలేదు పిన్నిగారూ," అందామె. ఆయన దగ్గరికైనా పోలేదు. పిల్లాడి ముఖం భుజానికి అదుముకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం భర్త వచ్చి చెప్పాడు. "ఇసక మీద జారిందట. తనే చెప్పాడు. తుంటి విరిగింది, ఇక తొక్కలేడు." బూట్లు విప్పుతూ మళ్ళీ అన్నాడు, "నీళ్ళ వంతు ఇవాళ నాది. నువ్వు పోయి పిల్లాణ్ణి చూసుకో, నే తెస్తాలే అన్నాడు. ఆ బరువుతో ఎక్కుడులో వెనకబడిపోయాడు."

ఆమె తేలు కుట్టిన దొంగలా అతని బూట్లు తీసుకుని పెరట్లోకి పోయింది.

తాతయ్య స్థానం భర్తకు ఇచ్చారు. రోడ్డు మీద జట్టును నడిపించే పెద్దరికం ఇక అతనిదే. ఇంట్లో అందరికీ సంతోషం. ఆమెకు మాత్రం తిన్నది ఒంటబట్టలేదు. పిల్లాడు నిద్రలో కదిలినా ఆయన చెప్పేశాడని ఎవరో తలుపు తడుతున్నట్టు ఉలిక్కిపడేది. చివరికి ఆగలేక, పిల్లాడికి టీకా వేయించాలని వంక పెట్టి ఆసుపత్రికి వెళ్ళింది.

ఆయన రెండు కడ్డీల మధ్య నడక నేర్చుకుంటున్నాడు. వ్యాయామం చేయించే అమ్మాయి కసురుతోంది.

"రా అమ్మాయ్!" అన్నాడు ఆమెను చూసి. "మా జట్టు మొత్తం మీద నన్ను చూడ్డానికొచ్చిన మగాడివి నువ్వే."

"వాళ్ళెవరూ రాలేదా అన్నయ్యా?"

"పడ్డవాణ్ణి చూస్తే తామూ పడతామని వాళ్ళ భయం. నేను మాత్రం ఎవణ్ణి చూడ్డానికి వెళ్ళానులే." పిల్లాడి బుగ్గ గిల్లాడు. "వీడు వాళ్ళ నాన్న కంటే నయం, కాళ్ళు పొడుగు."

ఆమె ఇక ఓర్చుకోలేకపోయింది. "అన్నయ్యా, ఆ రోజు రోడ్డు మీద..."

ఆయన వ్యాయామం అమ్మాయి వైపు తిరిగాడు. "తల్లీ, కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టవూ? చిన్నగా రా, పరుగెత్తకు." ఆ పిల్ల వెళ్ళాక కుర్చీలో కూలబడ్డాడు. "నీ చీర రంగు కూడా గుర్తుంది. ఇంక ఊరుకో."

"మరి ఇసక అని ఎందుకు చెప్పావు?"

"నిజం చెబితే ఏమవుతుంది? మీ ఆయన్ని ముందుకు పంపబట్టే ఇదంతా అంటారు. ఆ మర్యాద మాన్పించేస్తారు. ఇన్నేళ్ళలో ఎంతమందిని ముందుకు పంపానో నాకే తెలీదు. ఒక్కొక్కడూ తిరిగొచ్చేటప్పుడు ముఖం చూడాలి నువ్వు. ఒకసారి మా ఊరి మీదుగా వెళ్ళింది పందెం. నన్నూ పొమ్మన్నారు. పోయి ఎవరి దగ్గర ఆగను?" తుంటి నిమురుకున్నాడు. "మీ ఆయనకు చెప్పకు. తెలిస్తే మలుపు మలుపులోనూ వాడికి నువ్వే కనిపిస్తావు. బ్రేకు మీంచి వేలు తియ్యలేనివాడు ఈ కొలువుకి పనికిరాడు."

అలాగే అని తల ఊపింది. ఊపినందుకు ఎంత తేలికైందో, ఆ తేలికకే మళ్ళీ సిగ్గేసింది.

కొన్నాళ్ళు నిలబెట్టుకుంది. ఒక రోజు జట్టు కుర్రాళ్ళు వాళ్ళింటికి భోజనానికి వచ్చారు. వాళ్ళలో ఒకడు మంచినీళ్ళ చెంబు జారవిడిచాడు. "ఒరేయ్ తాతయ్యా! ఖాళీ రోడ్డు మీద కూడా పడతావేంట్రా?" అని వాణ్ణి ఎగతాళి చేశాడు ఇంకొకడు. అందరూ విరగబడి నవ్వారు. ఆమె భర్త కూడా నవ్వాడు.

వడ్డిస్తున్న గరిటె గిన్నెలో వదిలేసింది. "రోడ్డు ఖాళీగా లేదు," అంది. "నేనున్నాను. వీడున్నాడు. మమ్మల్ని తప్పించబోయి పడ్డాడు."

ఎవరి ముద్ద వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. వాళ్ళు వెళ్ళిపోయాక భర్త సైకిలు తిరగేసి, శుభ్రంగా ఉన్న చువ్వల్నే ఒక్కొక్కటీ తుడుస్తూ కూర్చున్నాడు. "ఆయన పరువు తీస్తుంటే నన్ను నవ్వనిచ్చావు," అన్నాడు చివరికి. తిట్టినా బాగుండేది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. పందెం పెద్దలకు తెలిసింది. మరుసటి పందెం నుంచి ఎవరూ ముందుకెళ్ళి ఇంటివాళ్ళ దగ్గర ఆగకూడదని కాగితం అంటించారు. భర్త కొండ దిగేటప్పుడు వెనకబడటం మొదలైంది.

తాతయ్య ఒక్కసారి ఫోను చేశాడు. కోపం లేదు గొంతులో. "తుంటి ఇచ్చి కాపాడుకున్న మర్యాద తల్లీ, ఒక్క మాటతో పోగొట్టావే," అన్నాడు. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. ఆసుపత్రి నుంచి తన ఊరికి వెళ్ళిపోయాడు. టైర్ల కొట్టు మీద మేడ గదిలో అద్దెకుంటున్నాడని తెలిసి ఆమె వెళ్ళింది. మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. ఆ తుంటితో ఎలా ఎక్కుతున్నాడో. తలుపు కొట్టింది, పిలిచింది, పిల్లాడి చేత పిలిపించింది. లోపల కర్ర చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది. తలుపు తెరుచుకోలేదు.

ఆమె మళ్ళీ వెళ్ళినా తియ్యడు. భర్త వెళ్ళడు, ఏ ముఖం పెట్టుకుని వెళ్తాడు? కింద కొట్టువాడు ఆదివారాలు ఉండడు. కర్ర జారినా, మెట్టు తప్పినా, పైన ఒక మనిషి పడి ఉన్నాడని తెలిసేవాళ్ళు లేరు. అందుకే మీకు చెప్పడం. ఊరి పేరు చెబితే ఆయనెవరో బయటపడుతుంది, అది చెప్పను. మీ ఊళ్ళో టైర్ల కొట్టు మీద గదిలో, ఎడమ కాలు ఈడ్చే పొడుగాటి మనిషి ఒంటరిగా ఉంటున్నాడేమో చూడండి. ఉంటే, ఏ ఆదివారమో ఒకసారి పైకెళ్ళి తలుపు తట్టండి. లోపల కర్ర చప్పుడు వినిపించేదాకా కదలకండి. ఎవరు పంపారో మాత్రం చెప్పకండి.