ఏడు మూరల గది

మృగశిరకార్తె ప్రవేశించి వారము గడచినను రోహిణి విడిచిపోయిన యెండ పట్టణమును వీడక వీథులయందలి దుమ్మును మంగలమునందలి యిసుకవలె కాచుచుండగా పడమటి దిక్కున నీలమేఘములు కూడుటయు కూడి విడిపోవుటయు ఉరుముటయు ఉరిమి మరచుటయు తప్ప ఒక్క చినుకైనను రాల్చుట లేకుండెను. కాలువలో నీరడుగంటెను. పెంకుటిండ్ల కప్పులమీద కాకులు నోళ్లు తెరచికొని కూర్చుండెను. జనులు లోపల నుండలేక వెలుపల నిలువలేక మాటిమాటికి మింటిని చూచువారును చూచి విసుగుకొనువారునై సతమతమగుచుండిరి.

అట్టి మధ్యాహ్నమున నందివీథి కొసనున్న ఉత్తరముఖపు టింటి ప్రక్కఖాళీలో ముప్పదేండ్లు ఉన్నతపాఠశాలయందు బాలురకు పూలకుండీలును మామిడిపిందెలును గీయుట నేర్పి విశ్రాంతి గొన్న గంధము కోదండపాణి కాలుగాలిన పిల్లివలె తిరుగుచుండెను. ఆతని పాదముల చుట్టును మేస్త్రి పోసిన ముగ్గుగీతలు నాలుగు కలవు. అవి కట్టబోవు గదికి హద్దులు. గాలికి సున్నము చెదరిపోవుటయు ఈతడు పిడికిట తెచ్చి మరల పోయుటయు పది దినములుగా జరుగుచుండెను. మగవాడు ప్రొద్దున లేచి ముగ్గు పెట్టుట చూచి వీథివారికి నవ్వు వచ్చుచుండెను గాని నవ్వినచో మాష్టారు మాటలాడుట మానునని యెరిగి యెవరును నవ్వరైరి.

గదికి వచ్చిన చిక్కు జానెడు. సందువైపు లేచు ప్రతిగోడయు సందునుండి ఐదడుగులు వెనుకకు తగ్గి నిలువవలయునని పురపాలకసంఘమువారి శాసనము. ఆ యైదడుగులు విడిచినను మిగిలిన స్థలము సామాన్యునికి చాలును. కాని ఇంటికి ఆయము గణించు సర్వేశ్వరసిద్ధాంతికి చాలదయ్యెను. గది ఇన్ని మూరలున్నచో మేలు ఇన్ని మూరలున్నచో కీడు అని లెక్కగట్టి చెప్పుటలో ఆ ప్రాంతమున ఆయనను మించినవాడు లేడు.

"ఆరు మూరలైతే ఖరాయం మాష్టారూ, గాడిద సంసారం. ఎనిమిదైతే కాకాయం, ఇంట్లో మనిషి నిలవడు. మీ ఉత్తరపు మొహానికి నప్పేది గజాయం ఒక్కటే. అంటే ఏడు మూరల వెడల్పు. మూరంటే బజార్లో పూలమ్మాయి మూర కాదండోయ్, ఇంటి యజమాని మోచెయ్యి" అని సిద్ధాంతి చేయి చాపుమనగా కోదండపాణి చాపెను.

ఆ చేయి సామాన్యమైనది గాదు. నల్లబల్ల పైకొసను నిలుచుండియే తుడిచిన చేయి. దానిని ఏడుమారులు పెట్టి మేకు పాతి చూడగా గోడ హద్దును దాటి జానెడు సందువైపునకు జరిగెను. శాస్త్రమును సడలింపనని సిద్ధాంతియు చట్టమును సడలింపనని సంఘపు ఓవర్సీరును చెరియొక ప్రక్క బిగిసి నిలువగా నడుమ చిక్కిన కోదండపాణి ఆ జానెడు మేరకు మినహాయింపు వేడుచు సంఘమునకు దరఖాస్తు పెట్టెను.

పెట్టిన దినమునుండి ఆతనికి కూడు సహింపలేదు. ఉదయము కార్యాలయము తలుపులు తీయకమునుపే పోయి మెట్లమీద నిలుచును. కాగితము గుమాస్తాయొద్ద నున్నదన్న గుమాస్తాయొద్దకును ఓవర్సీరుయొద్ద నున్నదన్న ఓవర్సీరుయొద్దకును పోవును. పొరుగువారి సమ్మతిపత్రములు మూడు తెమ్మనిన నాలుగు తెచ్చెను. సందునకావలి సోడాలబండివానిచేత సైతము వ్రేలిముద్ర వేయించి తెచ్చినప్పుడు గుమాస్తా తల పట్టుకొనెను. జ్యేష్ఠ బహుళాష్టమినాడు సంఘము కూడును. దశమినాడు శంకుస్థాపనకు ముహూర్తము కలదు. అది తప్పినచో వచ్చునది శూన్యమాసమగు ఆషాఢము గావున శ్రావణమువరకు పునాది త్రవ్వుటకు సిద్ధాంతి యొప్పుకొనడు. శ్రావణమున త్రవ్వినచో ఆ గదితో ఆతనికి పనిలేదు.

ఏల పనిలేదనిన చెప్పవలయును. కోదండపాణి భార్య మాణిక్యాంబకు వరదమ్మ యను అక్క కలదు. తల్లి చనిపోయిన పసిచెల్లెలిని చంకనెత్తుకొని పెంచినది వరదమ్మయే. పండ్రెండేండ్లక్రిందట ఆమె భర్తను గోలుపోయి పిల్లలును లేనిదై ఒక ట్రంకుపెట్టెతో ఈ యింటికి రాగా కోదండపాణి కుశలమడిగి మజ్జిగ ఇప్పించి "ఉన్నవి రెండు గదులు, చోటెక్కడుంది వదినా" అనెను. ఆమె చిరునవ్వు నవ్వి సాయంకాలపు బస్సునకే మరలిపోయెను. నాటినుండి పొరుగూర నొకరి వసారాలో కాలము గడపుచు కన్నులకు పొర కమ్మి మనుష్యులను మాటనుబట్టియే పోల్చుకొను స్థితికి వచ్చెను. మాణిక్యాంబ ఆనాటి మాటను మరల ఎత్తలేదు. తిట్టినను ఏడ్చినను ఆతడేదో యొక బదులు చెప్పి బరువు దించుకొని యుండును. ఆమె ఎత్తకుండుటయే ఆతనికి కాలిలో విరిగిన ముల్లయ్యెను.

ఈ వైశాఖమున వరదమ్మ యెవరిచేతనో వ్రాయించిన కార్డొకటి వచ్చెను. ఇంటివారు వసారా పడగొట్టి కట్టుకొనుచున్నారనియు శ్రావణమునకు ఖాళీ చేయవలయుననియు దిక్కులేని స్త్రీలకు చోటిచ్చు సత్రమొకటి దూరపు క్షేత్రమున కలదట కావున అందు చేరుదుననియు చెల్లెలు దిగులుపడవలదనియు అందుండెను. మాణిక్యాంబ దానిని చదివి అద్దము వెనుక దోపి వంటింటిలోనికి పోయెను. ఆమె నీళ్లకు పోయిన సమయము చూచి కోదండపాణి తనయింట తాను దొంగయై ఆ కార్డు చదివెను. మరునాడే మేస్త్రిని పిలిపించెను. గది యెవరికొరకో భార్యకు చెప్పలేదు. చోటు లేదన్న నోటితో చోటున్నదని పలుకుటకు ముందు గోడలు లేపి చూపవలయునని ఆతని పంతము. ఆమెయు అద్దెకు గాబోలు ననుకొని అడుగలేదు. ఆ యింట అడుగకుండుటయు చెప్పకుండుటయు కాపురమునకు రెండు స్తంభములుగా నిలిచియుండెను.

అష్టమి వచ్చెను. సంఘపు సమావేశమందిరమున కోదండపాణి గోడప్రక్క బల్లమీద కూర్చుండి లేచి మరల కూర్చుండి మురుగుకాలువల వాదమును వీథిదీపముల వాదమును కుక్కల బెడద వాదమును విని విని తలప్రాణము తోకకు వచ్చినవాడై యుండగా పదునాలుగవ యంశముగా ఆతని పేరు పిలిచిరి. అధ్యక్షురాలు కండ్లజోడు సవరించుకొని కాగితములు తిరుగవేసి తల యెత్తెను.

"ఈ స్థలం ఎవరిదండీ?"

"నాదేనండి."

"దస్తావేజులో గంధం మాణిక్యాంబ అని ఉంది."

"మా ఆవిడేనండి."

"మీ ఆవిడే అయ్యుండొచ్చు మాష్టారూ, కాదన్లేదు. కానీ స్థలం ఆవిడది. దరఖాస్తు ఆవిడ పేర రావాలి, సంతకం ఆవిడ చెయ్యాలి. మీరు సోడాలబండాయన్ని కూడా అడిగారు. ఆవిణ్ణి అడగలేదేంటండీ?"

సభ్యులు గొల్లున నవ్విరి. అంశము వచ్చు మాసమునకు వాయిదా పడెను. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలన్న మాట అందరు నెరుగుదురు గాని రచ్చకెక్కి ఇంటి సంగతి రచ్చవారిచేత చెప్పించుకొన్నవాడు ఆ పట్టణమున కోదండపాణి యొక్కడే. ఆ స్థలము మాణిక్యాంబకు ఆమె అమ్మమ్మ పసుపుకుంకుమల క్రింద వ్రాసి యిచ్చినది. ఆ సంగతి ఆతడెరుగనిది కాదు. ఎరిగి మరచినది. ఊరంతయు మాష్టారి ఇల్లనుచుండగా విని విని మాష్టారును అట్లే అనుకొనుచుండెను.

సిగ్గుతో ఎండకంటె వేడెక్కిన మొగముతో ఆతడు ఇంటిదారి పట్టి పోవుచుండగా తమలపాకుల దుకాణమునొద్ద సర్వేశ్వరసిద్ధాంతి యెదురుపడి ఏమాయెనని యడిగెను. కోదండపాణి జరిగినది చెప్పెను. సిద్ధాంతి సున్నము రాయుచున్న ఆకును అట్లే చేత పట్టుకొని నిలువుగ్రుడ్లు వేసెను.

"స్థలం అమ్మగారిదా! మరి నేను మీ చెయ్యి పట్టుకు కొలిచానేంటండీ! ముప్పయ్యేళ్ల అనుభవం గంగలో కలిపేశారు. యజమాని చెయ్యంటే మీరేగా చాపారు!"

"మీరేగా చాపమన్నారు."

"ఆయ్, నాదీ తప్పే. మగాడు కనబడితే యజమాని అనుకోటం అలవాటైపోయింది. నడవండి, ముందు నడవండి" అని ఆయన ఆకు నోట పెట్టుకొనుటయు మరచి ముందుగా పరుగువంటి నడకతో సాగెను.

మాణిక్యాంబ వసారాలో చాప పరచుకొని చింతపండునకు గింజలు తీయుచుండెను. ఆమె పొట్టి మనిషి. భర్తప్రక్క నిలిచినచో ఆతని భుజము క్రిందికి వచ్చును. సిద్ధాంతి వచ్చి చేయి చాపవలసినదిగా వేడగా ఆమె పులుపంటిన వ్రేళ్లను చూచుకొని లేచి పోయి కడిగికొని కొంగున తుడుచుకొని వచ్చెను.

"నా చెయ్యి దేనికండీ బాబుగారూ?"

"కొలతకమ్మా. ఈ ఇంటికి యజమానురాలివి నువ్వు. నీ చేతి మూరే మూర."

ఆమె భర్తవైపు ఒకసారి చూచెను. ఆతడు మేస్త్రి వదలిపోయిన తాపీని చూచుచుండెను. ఆమె చేయి చాపెను. సిద్ధాంతి మోచేతినుండి నడిమివ్రేలి కొసవరకు జనపత్రాడు పట్టి ముడివేసి ఇంటి గోడనుండి ఆ త్రాటిని ఏడుమారులు జరుపుకొనుచు పోగా ఏడవ మూర హద్దును చేరకయే ముగిసెను. ఓవర్సీరు పాతిన రాయికి ఇవతల ఇంకను అడుగు నేల మిగిలియుండెను.

"గజాయం! చట్టానికి లోపలే! మినహాయింపూ అక్కర్లేదు, వాయిదా అక్కర్లేదు. పటం మార్చి అమ్మగారి సంతకం పెట్టించి రేపు ఓవర్సీరుకిచ్చెయ్యండి. దశమికి శంకువు నేను వేయిస్తాను" అని సిద్ధాంతి తన తప్పును శాస్త్రపు గొప్పగా మార్చుకొని సంతసమున వెడలిపోయెను.

ప్రొద్దు క్రుంకువరకు కోదండపాణి వంచిన తల యెత్తక క్రొత్త కొలతలతో పటమును గీసెను. పని కుదిరినది గదా ఇక నెమ్మదిగా నుండవలసిన మనస్సు మునుపటికంటె ఎక్కువగా కొట్టుకొనుచుండెను. ఊరిలో నెవరినైనను అడుగగలిగిన ఆతనికి చాపమీద కూర్చున్న ఆ యొక్కతెను అడుగుటకు నోరు రాకుండెను. తుదకు పటమును కలమును ఆమె ముందు పెట్టెను.

ఆమె దీపము దగ్గరకు జరుపుకొని చూచెను. "అద్దెకిచ్చే గదికి కూడా నా సంతకం కావాలన్నమాట."

"అద్దెకి కాదు మాణిక్యం. వదినగారికి."

ఆమె పటమునుండి కన్ను మరల్చలేదు. "కార్డు చదివారా?"

"చదివాను. అప్పుడు నేనన్న మాట తప్పు. పన్నెండేళ్లనించీ తప్పని తెలుసు. చెప్పటానికి మొహం చెల్లలేదు."

ఆమె కన్నులలో నీరు నిండెను. తుడుచుకొనలేదు. ఈ యొక్క మాటకై తాను పండ్రెండేండ్లు కాచుకొనియున్నానని ఆమెకును ఆ క్షణమువరకు తెలియదు. ఆమె కలమును చేత పుచ్చుకొనెను. పుచ్చుకొని సంతకము చేయవలసిన తావున నిలిపి వెంటనే మరల తీసెను.

"మరి గుమ్మం సందులోకి పెట్టారేంటండీ?"

నిజమే. పటమున గదికొక ద్వారము కలదు. అది సందులోనికి తెరచుకొనును. ఇంటిలోనికి తోవ లేదు. ఆతడు చూడకయే బదులు చెప్పెను.

"ఆవిడకి చూపానదు కదా. మన రాకపోకలకి అడ్డం లేకుండా, ఆవిడ పాటికి ఆవిడ వెళ్లిరావచ్చు. వీలుగా ఉంటుందని."

"ఎవరికండీ వీలు?"

కోదండపాణి పటమును చూచెను. తాను చేసిన తప్పునకు నాలుగు గోడలు కట్టి దానిని ఇంటికి వెలుపల నుంచదలచితినని ఆతనికి అప్పుడు తెలిసెను. ఆ తెలిసిన సంగతి ఆతనిని మిక్కిలి చిన్నబుచ్చెను. లేచి పెట్టెనుండి రబ్బరు తెచ్చి సందువైపు ద్వారమును తుడిచెను. రబ్బరుపొడిని ఊది "ఎక్కడ పెట్టమంటావు?" అనెను.

"ఇక్కడ" అని ఆమె తన మంచమున్న గోడమీద వ్రేలుంచెను. ఆతడు గీసెను. ఆమె సంతకము చేసెను.

నవమినాడు ఓవర్సీరు నియమములకు లోబడిన పటమునకు సంఘముతో పనిలేదని అప్పటికప్పుడే ముద్ర వేసెను. దశమినాడు శంకువు పడెను. ఆషాఢమంతయు గోడలు లేచెను. కట్టెడివారు ఇటుక పెట్టుటకంటె ఎక్కువసేపు మాష్టారి ఆతురతకు సమాధానములు చెప్పుటతోనే గడపిరి. శ్రావణశుద్ధ విదియనాడు మాణిక్యాంబ స్వయముగా పోయి అక్కను తోడుకొని వచ్చెను.

బండి సందుమొగన ఆగెను. మాణిక్యాంబ మూట దించుచుండగా వరదమ్మ తన పెట్టెను తానే పట్టుకొని దిగి చెల్లెలు చెప్పిన క్రొత్తగది ఇదియేనని క్రొత్తసున్నపు వాసననుబట్టి తెలిసికొని గోడమీద చేయి వేసెను. ఒకరి వసారాలో బ్రతికినవారికి వెలుపలి తోవయే తమ తోవ. ఆమె వ్రేళ్లతో గోడను తడవుకొనుచు సందువెంబడి ఈ కొసనుండి ఆ కొసవరకు ద్వారముకొరకు నడచెను. మరల ఆ కొసనుండి ఈ కొసకు నడచెను. దొరకలేదు. ఆమె మొగమున కలవరము తోచెను.

"గుమ్మం అటు లేదు వదినా" అని కోదండపాణి వీథిగడపనుండి పిలిచెను. "ఇంట్లోంచే రావాలి."

ఆమె ఆ గొంతును పోల్చుకొని నిలిచిపోయెను. "ఇంట్లోంచా? నేను అటూ ఇటూ తిరుగుతుంటే మీకు అడ్డం కదండీ, మాష్టారూ?"

"అడ్డమే వదినా. ఇంట్లో మనుషులన్నాక ఒకరికొకరు అడ్డం రాకుండా ఎలా ఉంటారు?"

అని ఆతడు వచ్చి పెట్టెను అందుకొని తన భుజమున పెట్టుకొని ముందు నడచెను. వరదమ్మ మరికొంతసేపు గోడమీద చేయి యుంచి నిలిచి పిమ్మట గోడను విడిచి ఆ మాట వినవచ్చిన దిక్కునకు ఒక్కొక్క యడుగే వేయుచు వచ్చి గడప దాటెను.