బంతిపూల వెనక

టర్బో వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్లు రెండు, ఒకటి చవకది, ఒకటి ఖరీదైనది, బావ జగన్ ముందర పెట్టాడు మహిపాల్. "అగ్గువది సిటీల తిరగనీకి సరిపోతది. హైవే మీద ఉరికించాలంటే గిదే తీస్కో బావా" అని, తన ఎల్బీనగర్ గ్యారేజీలో ఖరీదైనదే స్వయంగా బిగించి పంపాడు.

మర్నాడు దసరా. కారుకు పూజ చేసి జగన్ హయత్‌నగర్ వైపు దూకించాడు. కారుకు కలిపిన ఫోన్‌లో ఇంజనుకెళ్లే గాలి వేడి చూస్తుండగానే ఎగబాకింది. ఇంజను ఊపు చచ్చిపోయింది. పాత కూలర్‌తో కూడా ఇంత కాలేదు! ఒకటి చూపించి ఇంకోటి బిగించాడన్నమాట. జగన్‌కు ఒళ్లు మండిపోయింది.

తిరిగొచ్చి గ్యారేజీ ముందు బ్రేకు తొక్కాడు. "అక్క మొగునికే నకిలీది అంటగడ్తవారా? ఇప్పు బంపర్!"

అక్కడ పూజకొచ్చిన నలుగురూ తిరిగి చూశారు. మహిపాల్ మొహం నల్లబడింది. పానాలు తెచ్చి కారు ముందు కూర్చున్నాడు.

"దండ నువ్వే తియ్యి బావా. పూజ చేసింది, నేను తెంపొద్దు."

పొద్దున జగన్ తన చేత్తోనే, బంపర్ నోరు మొత్తం మూసుకుపోయేలా, వరసలు వరసలుగా చుట్టిన బంతిపూల దండ అది. లాగితే కమిలిన పూలు చేతికి అంటుకున్నాయి. వెనక, తను ఎంచుకున్న ఖరీదైన కూలరే, గాలి సోకక కాలిపోతోంది.



మహిపాల్ లోపలికి పోయి చవకదాన్ని డబ్బాతో సహా తెచ్చి జగన్ ముందు పెట్టాడు.

"గిది గూడ చూస్కో బావా. అక్కకు చెప్పేటప్పుడు డౌట్ ఉండొద్దు."