ముసలి గేరుపెట్టెకు ఏ నూనె

మడకశిర నుంచి హిందూపురం పోయే గంగాధరప్ప బస్సు వస్తోందంటే ముందు గేర్‌బాక్సు అరుపు వినిపించేది, తర్వాత దుమ్ము కనిపించేది, ఆ తర్వాతే బస్సు. యుద్ధం నాటి లారీ మీద రేకులూ బెంచీలూ బిగించి కట్టించిన బండి అది. దారిలో మేసే గొర్రెలు కూడా ఆ అరుపును గుర్తుపట్టి ముందే పక్కకు తప్పుకునేవి. హారన్ చెడిపోయి ఏడాదైనా గంగాధరప్ప బాగు చేయించలేదు. ఇంత అరుపుండగా మళ్ళీ హారన్ ఎందుకు దండగ అని ఆ పిసినారి వాదం.

ఆ బండిని మొదటి రోజు నుంచీ తోలుతున్నవాడు చెన్నప్ప. అంతకు ముందు ఎద్దులబండి తోలేవాడు. ఎద్దుల్ని కరువులో అమ్ముకుని బస్సెక్కాడు గానీ బుద్ధి మాత్రం బండివాడిదే. పొద్దున్నే ఇంజను మూత మీద చెయ్యేసి ఒకసారి నిమరందే స్టీరింగు పట్టేవాడు కాదు. ఎగుడు వస్తే నాలుకతో టక్కుటక్కుమని అదిలించేవాడు. వెనక జనం నవ్వితే, "నవ్వండప్పా, ఎక్కుతాండాదా లేదా అది చూడండి" అనేవాడు.

రెండేళ్ళ కిందట అతని ఎడమ భుజం పట్టేసింది. గేర్ రాడ్డు ఉండేది ఎడమ చేతి పక్కనే. చలికాలం తెల్లవారుజామున గేరుపెట్టెలో నూనె బిగిసి ఉంటుంది. ఆ రాడ్డును మూడో గేరులోకి తొయ్యాలంటే భుజంలోంచి ప్రాణం లాగినట్టుండేది. పొద్దుగూకి ఇంటికొస్తే భార్య హనుమక్క ఆముదం వెచ్చచేసి రుద్దేది.

"సావుకారికి చెప్పరాదా? ఆయనేమన్నా పులా మింగేకి?" అని ఆమె అడిగింది.

"చెప్తే ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. చేన్లో చెనిక్కాయ ఎండిపోయి ఉండాది. ఏం తిందాం?"

తిండి మాట నిజమే. కానీ దాని వెనక ఇంకొక మాట ఉంది, అది అతను హనుమక్కకు కూడా చెప్పలేదు. ఊళ్ళో అందరూ అతణ్ణి డ్రైవరప్పా అని పిలుస్తారు. ఆ పిలుపు పోతే తనకు మిగిలేదేమిటో అతనికి తెలియదు. ఆ భయం అన్నం భయం కంటే పెద్దది.

అప్పుడతనికి బండివాడి తెలివి ఒకటి తోచింది. ఎద్దులబండి ఇరుసుకు కందెన పెడతారు, ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చిక్కగా. ఎద్దు ముసలిదైతే మాత్రం మసి మానేసి ఉత్త ఆముదమే పలచగా పెడతారు. చక్రం తేలిగ్గా తిరుగుతుంది. ఇరుసు తొందరగా అరుగుతుంది, అరిగితే అరగనీ, ఇంకొకటి మార్చుకోవచ్చు, ముసలి ఎద్దు బతికితే చాలు. అదే లెక్క ఇక్కడా వేశాడు. గేరుపెట్టెలో ఉన్న చిక్కటి నూనె దించేసి పలచటి ఇంజనాయిలు పోశాడు. మర్నాడు రాడ్డు చెప్పిన మాట వినింది. నూనె మార్చే పనీ అతనిదే, చూసే పనీ అతనిదే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు కదా.

అరుపు మొదలైంది ఆ తర్వాతే. మొదట సన్నగా మూలిగింది, రాను రాను మైలు దూరం వినిపించింది, చివరికి ఎగుడు మీద మూడో గేరు దానంతటదే ఊడి రావడం మొదలుపెట్టింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది చెన్నప్ప పని.

"హిందూపురం తీసుకుపోయి ఇమాం హుస్సేన్‌కు చూపియ్యి. బాగైతే సరే, లేకుంటే పాత ఇనుముకు తోలేస్తా" అన్నాడు గంగాధరప్ప.

మెకానిక్ ఇమాం హుస్సేన్ షెడ్డులో పాత బళ్ళు తప్ప కొత్తవి కనపడవు. అతను బస్సు కిందికి దూరి నూనె దించాడు. వేళ్ళ మధ్య రాసి చూసి, వాసన చూసి, ఎండలోకి పట్టాడు. నూనెలో ఇనుప పొడి తళతళలాడింది.

"ఇది ఇంజనాయిలు కదన్నా."

"ముసలి బండి కదా ఇమామూ, తేలిగ్గా తిరగనీ అని..." అంటూ చెన్నప్ప ఇరుసు సంగతీ ఆముదం సంగతీ చెప్పుకొచ్చాడు. ఇమాం హుస్సేన్ నవ్వలేదు. చివరిదాకా విని, చేతులు తుడుచుకున్నాడు.

"ఇరుసు పోతే పోనీ అని ఎద్దును కాపాడుకుంటిరి. న్యాయమే. ఈ బస్సులో ఎద్దు యాడుండాదన్నా?"

చెన్నప్ప కుడి చెయ్యి దానంతటదే పోయి ఎడమ భుజాన్ని పట్టుకుంది. ఇమాం హుస్సేన్ చూశాడు. చూసి, పానాలు సర్దుకోవడానికన్నట్టు అటు తిరిగాడు. మంచి మనిషి.

తర్వాత మూడు డబ్బాలు తెచ్చి ముందు పెట్టాడు. "ఏది పోయమంటావో నువ్వే చెప్పు. ఈ పలచంది పోస్తే ఉగాది లోపల గేరు పండ్లు రాలిపోతాయి. ఈ నడిమిది రెండేండ్ల కిందటైతే చాలుండు. ఇప్పుడు పండ్ల నడుమ సందు పడింది, ఈ చిక్కటిదే పట్టి నిలబెడతాది. కానీ చలి పొద్దున రాడ్డు రాయి మాదిరి ఉంటాది. దండిగా చెయ్యున్నోడు తోలాల."

చెన్నప్ప డబ్బాల ముందు గొంతుకూర్చున్నాడు. పలచంది పోస్తే ఉగాది దాకా అన్నానికీ, డ్రైవరప్ప అన్న పిలుపుకూ లోటు లేదు. ఆ తర్వాత బండీ ఉండదు, తనూ ఉండడు. చిక్కటిది పోస్తే బండి ఉంటుంది, తను రేపే దిగాలి. ఇమాం హుస్సేన్ మీద కోపమొచ్చింది, అడగకుండా పోసి పంపించి ఉండొచ్చు కదా అని. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. బండి తోలిన కాలమంతా ఏ ఎద్దునూ ముల్లుకర్రతో పొడవని మనిషి. ఈ నోరులేనిదాన్ని మాత్రం రెండేళ్ళుగా అరిపించాడు, కొరుక్కు తినేశాడు. దానికి సిగ్గుపడ్డాడు.

"చిక్కటిదే పొయ్యి" అన్నాడు.

మధ్యాహ్నం ఎండకు నూనె వేడెక్కి రాడ్డు ఎలాగో కదిలింది. పళ్ళ బిగువున బండిని మడకశిర చేర్చాడు. అరుపు లేదు. ఆ నిశ్శబ్దానికి గొర్రెలు దారి మీదనుంచి కదల్లేదు, కిటికీలోంచి తల బయట పెట్టి హేయ్ హేయ్ అని తానే కేకలేసుకోవాల్సి వచ్చింది.

గంగాధరప్ప బండి శబ్దం విని, అంటే వినపడక, ఇంట్లోంచి బయటికొచ్చాడు. మొహం చాటంత చేసుకున్నాడు. "ఇంక ఐదారేండ్లు ఢోకా లేదు చెన్నప్పా. బండి కొత్తదైపోయింది."

"బండి బాగుండాది సావుకారీ. నా చెయ్యే బాగలేదు. యేసన్నను పిలిపించుకో, వయసోడు, రెక్కలో బలముండాది."

"ఎప్పట్నుంచి బాగలేదు?"

"రెండేండ్లాయ."

"ముందే చెప్పింటే..." అని, గంగాధరప్ప తన సంగతి తనకు తెలుసు గనక ఆగిపోయాడు. "చెప్పింటే ఏం చేసుందునో నాకూ తెల్దులే."

మర్నాడు తెల్లవారుజామున యేసన్న స్టీరింగు పట్టాడు. దారిలో గుంతలూ మలుపులూ చూపిస్తానని చెన్నప్ప అతని వెనక బెంచీలో కూర్చున్నాడు. చలి కోస్తోంది. మొదటి ఎగుడు రాగానే, "ఇప్పుడెయ్యి" అన్నాడు. యేసన్న భుజమంతా పెట్టి రాడ్డును తోశాడు. మూడో గేరు పడింది. బండి ఊడకుండా, మూలగకుండా ఎగుడెక్కింది.

రాడ్డుతో పాటు చెన్నప్ప ఎడమ చెయ్యి కూడా మోకాలి మీద ముందుకు జరిగింది. భుజంలో ఏమీ కలుక్కుమనలేదు. రెండేళ్ళుగా ఆ నొప్పి పోవాలని అతను మొక్కని దేవుడు లేడు. నొప్పి లేని ఆ మొదటి ఎగుడు మీద తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.