కరెంటు వచ్చాక

గుర్తింపు కార్డు మీద బాలాత్రిపురసుందరి అన్న పేరు పట్టలేదు. బి.టి. సుందరి అని కుదించి ఇచ్చారు. కుదించిన పేరుతో కూడా ఆఫీసులో ఎవరూ ఆవిడను పిలవరు. పాతికేళ్ళ పిల్లలు ఒకళ్ళనొకళ్ళు ఏరా అని, ఒసేయ్ అని పిలుచుకుంటారు. ఆవిడ ఒక్కతే మేడమ్. మధ్యాహ్నం అందరూ గుంపుగా లేచి, "మేడమ్, మీరు బాక్సు తెచ్చుకున్నారుగా," అని అడిగినట్టే అడిగి కిందికి వెళ్ళిపోతారు. సుందరి అద్దాల గోడ పక్కన కూర్చుని, బయట బండలు పగలగొట్టేవాళ్ళను చూస్తూ పెరుగన్నం తింటుంది. అప్పటికి సైబర్ టవర్స్ కొత్త. చుట్టూ ఇంకా రాళ్ళూ తుప్పలే.

భీమవరంలో ఒక జూనియర్ కాలేజీలో చాలా ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పింది. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ మంచాన పడితే చూసుకుంది. అమ్మ పోయాక పొద్దున్నే లేచి ఎవరికి కాఫీ కలపాలో తెలియక కొన్నాళ్ళు ఊరికే కూర్చుంది. పేపర్లో ప్రకటన చూసి, కంప్యూటర్ కంపెనీలో పుస్తకాలు రాసే ఉద్యోగానికి అర్జీ పెట్టింది. వచ్చింది. మియాపూర్‌లో సరోజమ్మ అనే ఆవిడ ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకుంది.

కంపెనీ అమ్మేది వెబ్ సర్వర్. ఒక కంప్యూటర్లో పెట్టిన పేజీలను, అడిగిన మిగతా కంప్యూటర్లకు అందించే సాఫ్ట్‌వేర్ అది. సుందరి దాన్ని పెళ్ళి పంక్తిలో వడ్డించేవాడిగా అర్థం చేసుకుంది. అడిగిన విస్తట్లో పెడతాడు, ఎవరూ అడక్కపోతే గరిటె పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ సాఫ్ట్‌వేర్‌తోపాటు ఇచ్చే పుస్తకాన్ని ఇంజనీర్లు తమకోసం తామే రాసుకున్నారు. 'సర్వర్‌ను తగిన విధంగా అమర్చుకోవలెను' అని ఉంటుంది. తగిన విధం ఏమిటో ఎక్కడా ఉండదు. దాన్ని కొత్తవాళ్ళకు అర్థమయ్యేలా తిరగరాయడం ఆవిడ పని.

మేనేజర్ వేణు ఒకరోజు ఫోను తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాడు.

"మేడమ్, కస్టమర్స్ ఎక్కడ ఆగిపోతున్నారో డైరెక్టుగా మీరే వినండి. విన్నది బుక్‌లో పెట్టండి. అల్టిమేట్‌గా ఈ ఫోన్ మోగకూడదు. అదే మీ టార్గెట్."

"మోగకపోతే నేను బాగా రాసినట్టా?"

"మోగకపోతే మీరు సూపర్."

ఆ వారంలోనే రజిత ఫోను చేసింది.

"హలో, గీ పుస్తకం రాసినోళ్ళేనా?"

"అవునండి, చెప్పండి."

"అండి గిండి వద్దు మేడమ్, నేను చిన్నదాన్నే. రజిత. సిద్దిపేట దిక్కు డిగ్రీ కాలేజి, కంప్యూటర్ ల్యాబుల చేస్త. మా ప్రిన్సిపాల్ సారు గీ సీడీ నా చేతుల వెట్టి పేజీ రావాలె అన్నడు. పుస్తకంల ఎట్లున్నదో అట్లనే కొట్టిన. ఏం రాలె."

"తప్పని ఏమైనా చూపించిందా?"

"తప్పు లేదు, ఒప్పు లేదు. కింద గీత మిటుకు మిటుకు అంటున్నది. మల్ల కొట్టిన. మల్ల గట్లనే. పొద్దుగాలకెల్లి కొడుతనే ఉన్న."

"అమ్మా రజితా, ఏమీ రాకపోతే పని జరిగిందని అర్థం. తప్పు జరిగితేనే అది నోరు విప్పుతుంది."

"గట్లనా? అయితే అచ్చం మా ఆయన లెక్కనే ఉన్నది."

సుందరి పైకి నవ్వింది. పక్క వరసలో కుర్రాడు తలెత్తి చూశాడు. ఆవిడ నవ్వు అతను వినడం అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నమే పుస్తకంలో, తనకొచ్చిన తేలిక ఇంగ్లీషులో, కొత్త వాక్యాలు రాసింది. ఇక్కడ తెర మీద ఏమీ కనిపించదు. అలా ఉండడమే సరైనది. తర్వాతి పేజీకి వెళ్ళండి. వేణు చదివి, బొత్తిగా ఇంట్లో మాట్లాడినట్టుంది మేడమ్ అన్నాడు గాని కొట్టేయలేదు.

రజిత కాలేజీలో ఫోను ప్రిన్సిపాల్ గదిలో, కంప్యూటరేమో వరండా చివరి గదిలో. అందుకని సుందరి ఏదైనా చెయ్యమని చెబితే, "జర లైన్ల ఉండు మేడమ్," అని రిసీవరు బల్ల మీద పెట్టి వెళ్ళేది. చేసి, చూసి, మళ్ళీ వచ్చేది. అంతసేపూ సుందరి చెవిలో ఆ గది వినిపించేది. ఫ్యాను కిర్రుమంటుంది. ఎల్లేశం అనే ప్యూను కిటికీలో కోతిని అదిలిస్తాడు. ఎవరో ఫీజు రసీదు కోసం బతిమాలతారు. బెల్లు కొడితే వరండాలో ఆడపిల్లల గోల. తర్వాత రజిత చెప్పులు టకటకలాడుతూ దగ్గరకొస్తాయి. "ఉన్నవా మేడమ్?" అంటుంది.

"ఉన్నానమ్మా," అంటుంది సుందరి.

ఒకసారి పేజీ తెరవబోతే, దీన్ని చూడడానికి మీకు పర్మిషన్ లేదు అని తెర మీద వచ్చిందట. రజిత వెళ్ళి ప్రిన్సిపాల్ దగ్గర సంతకంతో, స్టాంపుతో పర్మిషన్ రాయించుకొచ్చింది. అయినా అది ఒప్పుకోలేదని ఫోను చేసింది. ఆ ఫైలును అందరూ చదవగలిగేలా ఎలా మార్చాలో సుందరి ఆమెకు చెప్పింది, అదే పుస్తకంలోకీ ఎక్కించింది. అలా ఒక్కొక్కటే సర్దుకుంటూ వస్తుంటే పుస్తకం మనిషి మాటలా తయారైంది. వరంగల్ నుంచీ కర్నూలు నుంచీ వచ్చే ఫోన్లు తగ్గి, తగ్గి, ఆగిపోయాయి.

రజిత ఫోను మాత్రం ఆగలేదు. వాళ్ళ ఊళ్ళో రోజూ కరెంటు పోతుంది. వచ్చాక కంప్యూటర్ లేస్తుంది గాని సర్వర్ లేవదు, దాన్ని చేత్తో లేపాలి. అంతకుముందు కంప్యూటర్ ఏవేవో ప్రశ్నలు అడుగుతుంది. అన్నిటికీ అవునని కొడుతూ పోతే చాలు. అది రజితకు ఎప్పుడో వచ్చేసింది.

"అంతా నోటికే ఉన్నది మేడమ్. నువ్వు లైన్ల ఉంటే ధైర్యం, అంతే," అనేది. సర్వర్ లేచాక కాసేపు కొడుకు పింకీ సంగతి చెప్పేది. అమ్మాయి పుడుతుందని ముందే పేరు పెట్టేసుకున్నారట, వాడు పుట్టినా పేరు మారలేదు. "ఇగ పెద్దగయినంక నన్ను కోర్టుకు గుంజుతడు మేడమ్," అనేది.

సుందరికి వీధిలో పలకరించే మనుషులు లేకపోలేదు. సరోజమ్మ రోజూ తలుపు తడుతుంది. "మేడమ్, నల్లా వచ్చింది, పట్టుకుంటవా?" అంటుంది. బిందె నిండాక ఆ మాటా అయిపోతుంది. ఆదివారమంతా నోరు విప్పే పని పడదు. సోమవారం ఆఫీసులో మొదటి మాటకు గొంతు పట్టేసినట్టుండేది. అందుకని పదకొండు దాటితే ఆవిడ కళ్ళు ఫోను మీదికి పోయేవి. సిద్దిపేటలో ఈపాటికి కరెంటు పోయి ఉంటుందా అనుకునేది. పోవాలని కోరుకుంటున్నానని తెలిసి, కాగితాలు సర్దుతూ కూర్చునేది.

ఒక సంగతి ఆవిడకు చాలా రోజుల నుంచే తెలుసు. కంప్యూటర్ లేచినప్పుడు సర్వర్ కూడా దానంతటదే లేచేలా చెయ్యొచ్చు. ఒక ఫైలు చివర ఒకే ఒక్క లైను చేరిస్తే చాలు. పక్క వరస కుర్రాడు ఎప్పుడో చూపించాడు. ఆ పేజీ పుస్తకంలో లేదు. ఈ వారం రాస్తాననుకునేది. సోమవారం వచ్చేది, ఫోను మోగేది, ఉన్నవా మేడమ్ అని వినబడేది, పేజీ అలాగే ఉండిపోయేది. ఎవరికేం నష్టం, పిల్ల చక్కగా నేర్చుకుంటోంది కదా అని తనకు తనే చెప్పుకునేది.

ఒక గురువారం ఫోను రాలేదు. శుక్రవారం వచ్చింది. రజిత గొంతు బొంగురుపోయి ఉంది.

"నిన్న నువ్వు చెయ్యలేదేం?" అంది సుందరి.

"సెలవు పెట్టిన మేడమ్. పింకీకి జరం. ఒళ్ళు కాలిపోతున్నది. గదే రోజు యూనివర్సిటీ వాళ్ళు చూడనీకి వచ్చిండ్రు. వచ్చే ముంగటనే కరెంటు పోయి వచ్చిందట. పేజీ లేదు. మా సారు అందరి ముంగట ఇజ్జత్ పోయిందని ఎల్లేశాన్ని మా ఇంటికి తోలిండు. పిలగాన్ని పక్కింటోళ్ళ మీద ఏసి ఉరికిన. నేనొచ్చేసరికి వాళ్ళు పోనే పోయిండ్రు."

"బాబుకెలా ఉంది?"

"రాత్రి దవాఖానల ఉన్నం. ఇప్పుడు నయమే. సారు ఒకటే అడిగిండు మేడమ్. నువ్వు లేకుంటే అది లేవదా, దానంతటది లేచే ఉపాయమే లేదా అని. లేదు సార్ అన్న. ఉంటే మా మేడమ్ చెప్పకుంటదా అన్న."

సుందరి బల్ల మీద పెన్సిలు తీసి, మళ్ళీ పెట్టింది. పక్క వరసలో ఎవరో ఎవర్నో ఆట పట్టిస్తున్నారు. చెప్పడానికి ఒక అబద్ధం సిద్ధంగానే ఉంది. కనుక్కుని రేపు చెబుతాననొచ్చు. రేపు మళ్ళీ ఫోను వస్తుంది.

"ఉంది," అంది.

"ఏంది మేడమ్?"

"ఉపాయం ఉంది రజితా. నాకు ముందు నుంచీ తెలుసు. చెప్పలేదు."

ఎందుకని అడుగుతుందేమోనని సుందరి చూసింది. ఆ పిల్ల అడగలేదు.

"చెప్పు మేడమ్, రాసుకుంట," అంది చివరికి, మామూలు గొంతుకు కొంచెం తక్కువగా.

సుందరి ఫైలు పేరు చెప్పింది. లైనులో ఒక్కొక్క అక్షరం చెప్పింది. ఎక్కడ ఖాళీ వదలాలో, ఎక్కడ వదలకూడదో చెప్పింది. రజిత తిరిగి చదివి వినిపించింది. "చేర్చాక కంప్యూటర్ ఆపి మళ్ళీ వెయ్యి. ఇంకేం ముట్టుకోకు. పేజీ దానంతటదే రావాలి."

"సరే. జర లైన్ల ఉండు మేడమ్."

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. చెప్పులు దూరమయ్యాయి. సుందరి చెవికి ఫోను ఆనించుకుని కళ్ళు మూసుకుంది. ఇప్పుడు వరండా దాటి ఉంటుంది. ఇప్పుడు ఫైలు తెరిచి ఉంటుంది. ఫ్యాను కిర్రుమంది. గడియారం కొట్టింది. ఎవరో కాగితాలు తిప్పుతున్నారు. ఇప్పుడు ఆపి వేసి ఉంటుంది, తెర మీద తెల్ల అక్షరాలు పైకి పోతూ ఉంటాయి.

ఎక్కడో దూరంగా ఆడపిల్లలు ఒక్కసారి ఓ అని అరిచారు. చప్పట్లు వినిపించాయి. పేజీ వచ్చిందో, ఆటల పీరియడో తెలియలేదు. అడుగుల చప్పుడు దగ్గరకొచ్చింది. సుందరి నిటారుగా కూర్చుంది. కాని అవి టకటకలాడే చెప్పులు కావు, ఈడ్చుకుంటూ నడిచే చెప్పులు.

"ఫోను గిట్లనే వెట్టి పోయిండ్రు, బిల్లు ఎవలు గడ్తరు," అన్నాడు ఎల్లేశం ఎవరితోనో. రిసీవరు పెట్టేశాడు.

సుందరి తన రిసీవరు కూడా పెట్టేసింది. రజిత మళ్ళీ చేస్తుందని చూసింది. భోజనానికి లేచిన పిల్లలు, బాక్సు తెచ్చుకున్నారుగా అని అడిగి వెళ్ళారు. తిరిగి వచ్చారు. ఫోను మోగలేదు. తప్పు జరిగితే ఈపాటికి మోగి ఉండేది.

ఆవిడ పుస్తకం ఫైలు తెరిచి, రాయని ఆ పేజీ రాయడం మొదలుపెట్టింది. కరెంటు పోయి వచ్చాక మీరు దగ్గర లేకపోయినా ఫరవాలేదు, అని మొదటి వాక్యం. అక్కడి నుంచి సాయంత్రం దాకా ఆగకుండా రాసింది. వేణు వెళ్తూ వెళ్తూ ఆగాడు.

"సిద్దిపేట కాల్ రాలేదా మేడమ్ ఇవాళ?"

"వచ్చింది. ఇక రాదు."

"గుడ్, గుడ్. చెప్పానా, మీరు సూపర్ అని," అని చేతిలో బండి తాళాలు ఆడించుకుంటూ వెళ్ళిపోయాడు.

బస్సు దిగేసరికి మియాపూర్‌లో కరెంటు లేదు. సరోజమ్మ అరుగు మీద విసనకర్రతో కూర్చుని ఉంది. "జర చూస్కొని ఎక్కు మేడమ్, మెట్ల మీద బకెట్లున్నయి," అంది.

సుందరి మెట్లెక్కలేదు. కింద మెట్టు మీదే, బకెట్ల పక్కన, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి కరెంటు వచ్చింది. సందంతా లైట్లు వెలిగాయి. ఆపకుండా వదిలేసిన ఫ్యాన్లూ, టీవీలూ ఇల్లిల్లూ వాటంతటవే లేచాయి. అందరి ఇళ్ళ లోంచీ మాటలు వినిపిస్తున్నాయి. సరోజమ్మ విసనకర్ర మూలన పెట్టి లోపలికి వెళ్ళింది. సుందరి మాత్రం ఇంకాసేపు అక్కడే కూర్చుంది.