మూఢం పోయేదాకా వేసిన తాళం

నేను ఒక తాళం కప్పను. అలీగఢ్‌లో పుట్టాను. దొంగలను ఆపుతానన్న పొగరుతో పెరిగాను. ఇప్పుడు ఓ పోలీస్ స్టేషన్ బీరువాలో, మెడకు కేసు నంబరు రాసిన అట్టముక్క కట్టించుకుని, ఒళ్లు మండిపోతూ కూర్చున్నాను. ఎందుకో వినండి.

నన్ను కొన్నది వరంగల్‌లో ఓ బస్తీవాళ్లు. పోయినేడు నిమజ్జనం ఊరేగింపులో అక్కడ ఒక కుర్రవాణ్ణి తోటి కుర్రవాళ్లే పొడిచి చంపారు. ఆ తర్వాత బస్తీ అంతా కమ్యూనిటీ హాలులో కూర్చుని ఒక ప్లాను రాసుకుంది. రోజూ సాయంత్రం నాలుగింటికి హాలు తెరవాలి. క్యారమ్ బోర్డు, కసరత్తు సామాను పెట్టాలి. ఇద్దరు పెద్దలు వంతులవారీగా కూర్చోవాలి. పిల్లల మధ్య గొడవ మొదలైతే ఆ రోజే, అక్కడే పిలిచి మాట్లాడాలి. మంచి ప్లాను. ఇనుపముక్కను, నాకే అర్థమైంది. పట్టుబట్టి అది రాయించింది స్వరూప, రోడ్లు ఊడ్చే పని చేసే మనిషి. చచ్చిపోయినవాడు ఆమె కొడుకు అభిలాష్‌కి ప్రాణస్నేహితుడు. పదహారేళ్ల తన కొడుకు కూడా ఎక్కడ కత్తి పడతాడోనని ఆమె భయం.

సామాను వచ్చింది. తలుపుకు నన్ను వేశారు. తాళంచెవి కమిటీ అధ్యక్షుడు ఐలయ్య జేబులోకి పోయింది. నా మీదుగా ఎర్ర రిబ్బను కట్టి, "ముఖ్య అతిథి వచ్చి కత్తిరించాలె. అప్పటిదాక ఎవ్వలు ముట్టొద్దు" అన్నాడు ఆయన.

ఆ అతిథిగారు రెండుసార్లు తేదీ ఇచ్చి రెండుసార్లూ ఎగ్గొట్టాడు. మూడోసారి వస్తాననేలోపు మూఢం వచ్చిపడింది. మూఢంలో మంచిపని మొదలుపెట్టకూడదట, రెండు నెలలు ఆగాలట. పిల్లలు చంపుకోకుండా ఆపడానికి కూడా ముహూర్తం కావాలా అని నాకు అరవాలనిపించింది.

అభిలాష్ రోజూ నాలుగింటికే వచ్చేవాడు. కిటికీ సందులోంచి క్యారమ్ బోర్డును చూసి, నన్నొకసారి లాగి వదిలేసి, మెట్ల మీద కూర్చునేవాడు. వాడి పక్కన ఒక్కొక్కరే చేరారు. పక్క గల్లీ సాకేత్, చచ్చిపోయినవాణ్ణి వెక్కిరిస్తూ ఫోన్‌లో వీడియో పెట్టాడు. మెట్ల మీద రోజూ అదే మాట. అంతా వింటూ నేను తలుపుకు వేలాడాను.

ఒకనాడు స్వరూప హాలు ముందే ఐలయ్యను నిలేసింది.

"అన్నా, పోరగాండ్లు గరం మీదున్నరు. సాకేత్‌ను, మావాన్ని లోపల కూసోబెట్టి మాట్లాడుదాం. తాళం తియ్యి."

"మూఢంల ఎట్ల తీస్త చెల్లే? ఇంక పదకొండు రోజులే."

"లొల్లికి మూఢం ఉంటదా అన్నా?"

ఆయన జేబు తడుముకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆరో రోజు సాయంత్రం, అటుగా వచ్చిన సాకేత్‌ను ఆ మెట్ల మీదే అభిలాష్ పొడిచాడు. మందుల పెట్టె లోపలుంది, నా వెనక. ప్లానులో అదీ రాసుకున్నారు మరి. స్వరూప పరిగెత్తుకొచ్చింది. కొడుకు చేతిలో కత్తిని చూసింది. ఏడవలేదు. గోడకు ఆనించిన గడ్డపార అందుకుని నన్ను కొట్టింది. మూడో దెబ్బకు విరిగాను. నా జన్మలో నేను సంతోషంగా తిన్న దెబ్బలు అవే. లోపలి నుంచి దూది తెచ్చి, అంబులెన్సు వచ్చేదాకా సాకేత్ కడుపు మీద అదిమిపట్టి కూర్చుంది. ఆ పిల్లవాడు బతికాడు. ఆమె కొడుకును పోలీసులు తీసుకెళ్లి బాలుర హోమ్‌లో పెట్టారు.

మర్నాడు ఐలయ్య స్టేషన్‌కు వచ్చి ఫిర్యాదు ఇచ్చాడు. తాళం పగలగొట్టారని. రిబ్బను తెగిందని కూడా రాయించాడు, సిగ్గులేని మనిషి. అలా నేనిక్కడికి వచ్చాను.

హాలుకు మళ్లీ తాళం పడలేదట. స్వరూప రోజూ నాలుగింటికి వచ్చి గడప దగ్గర కూర్చుంటోందని, కుట్లు మానిన సాకేత్ కూడా క్యారమ్స్ ఆడటానికి వస్తున్నాడని కానిస్టేబుళ్లు చెప్పుకుంటుంటే విన్నాను.

బీరువాలో నా పక్కనే ఆ కత్తి ఉంది. దాని మెడకూ నాలాంటి అట్టముక్కే. ఎంతసేపు పనిచేశావని అడిగాను. ఒక్క నిమిషం అంది. నేను నాలుగు నెలలు చేశాను. నేను విరిగిన రోజు మీదే కేసు ఉంది. హాలు మూసి ఉంచిన ఆ నాలుగు నెలల మీద ఇప్పటిదాకా ఎవరూ ఫిర్యాదు ఇవ్వలేదు.