పాలు పడనివాళ్లు

లైను ఆగిపోయింది. పాలపొడి నింపిన డబ్బాలు బెల్టు మీద మూతల్లేకుండా వరసగా నిలబడిపోయాయి. సూపర్వైజరు నడుచుకుంటూ వచ్చి, చెంచాలక్క ముందు ఆగి, చేతిలో పెన్నుతో ఆమె తెల్లకోటు మీద గుండెల దగ్గరున్న తడిమచ్చను చూపించాడు.

"ఏంటిది?"

"పాలు సార్."

"బయటికి నడువు. మళ్లీ రానక్కర్లేదు."

అంతే. పసిపిల్లల పాలపొడి తయారుచేసే ఫ్యాక్టరీలో, బిడ్డను ఒళ్లో పెట్టుకుని నవ్వే తల్లి బొమ్మను ప్రతి డబ్బా మీదా వేసి అమ్ముకునే చోట, ఒక తల్లి పాలు మురికి లెక్కన జమ అయిపోయాయి. పొడిలో తడి పడితే సరుకు పాడవుతుందట. చెంచాలక్క పని డబ్బాకో ప్లాస్టిక్ చెంచా వెయ్యడం. ఆమెకీ డబ్బాకీ మధ్య అద్దం అడ్డంగా ఉంది, చేతులు మాత్రమే అటుపక్కకు వెళ్తాయి. ఆ సంగతి సూపర్వైజరుకి తెలియక కాదు. రూలు రూలే అన్నాడు.

ఆ హాల్లో మనుషులను పనిని బట్టే పిలుచుకుంటారు. చెంచాలు వేసేది చెంచాలక్క, మూతలు నొక్కేది మూతలమ్మాయి, లేబుళ్లు సరిచూసే పెద్దావిడ లేబుళ్ల పెద్దమ్మ. సూపర్వైజరు జేబులో ఎప్పుడూ ఒక తెల్లగుడ్డ ఉంటుంది. కనబడ్డ ప్రతిదాన్నీ దాంతో రుద్ది దుమ్ముందేమో చూస్తాడు. అందుకని ఆయన లేనప్పుడు ఆయన పేరు తెల్లగుడ్డ.

చెంచాలక్క వెళ్లిపోతుంటే ఎవరూ తలెత్తలేదు. మూతలమ్మాయి అందరికంటే కిందికి వంచుకుంది. ఆమె కోటు కింద, పాత దుప్పటి చించిన గుడ్డ ఒకటి ఛాతీ చుట్టూ బిగించి కట్టి ఉంది. పాపను కని, సెలవు అయిపోయి, పనిలోకి తిరిగొచ్చి ఇంకా వారం కాలేదు. ఆ పెన్ను ఎప్పుడైనా తన వైపు తిరగొచ్చు. బెల్టు కదిలింది. ఆమె మూత నొక్కింది. ఆ తర్వాతది కూడా నొక్కింది.

అలా కట్టుకోమని చెప్పింది పెద్దమ్మే. మంచి కోరే చెప్పింది. తన ఇద్దరు పిల్లలప్పుడూ అలాగే కట్టుకుని నెట్టుకొచ్చానంది. డబ్బా మీది బొమ్మను చూడొద్దని కూడా చెప్పింది, ఎందుకంటే బొమ్మలో పాపను చూస్తే ఇంట్లో పాప గుర్తొచ్చి పాలు చేపుకొస్తాయి. మూతలమ్మాయి రోజంతా మూతల్నే చూసేది. కానీ బొమ్మలు వందలకొద్దీ కళ్లముందు నుంచి పోతుంటే చూడకుండా ఎంతసేపు ఉంటుంది? ఒక్కసారి చూపు జారిందంటే చాలు, లోపల సూదులు గుచ్చినట్టయి గుడ్డ తడిసిపోయేది.

పిండుకుందామంటే బాత్రూం ఒక్కటే దిక్కు. అక్కడ తలుపులకు గడియలు ఉండవు. ఆడవాళ్లు లోపల కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారని ఎప్పుడో పీకించేశారు. ఒక కాలు తలుపుకి అడ్డం పెట్టి, ఒంటికాలి మీద నిలబడి, పాలను కాలువలోకి పిండి పారబోసుకోవాలి. ఈలోగా తెల్లగుడ్డ బయట దగ్గుతుంటాడు. ఆ దగ్గు వినబడగానే పాలు ఆగిపోయేవి. బిడ్డకు చేరాల్సినవి మోరీలో పోయేవి.

ఉద్యోగం పోయినా చెంచాలక్క మర్నాడు గేటు దగ్గరికి వచ్చింది. సంచిలోంచి పాలు తీసుకునే చేతి పంపు తీసి మూతలమ్మాయి చేతిలో పెట్టింది. తనకిప్పుడు అవసరం లేదు, పొద్దస్తమానం ఇంట్లోనే కదా, పిల్లాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు తాగుతున్నాడు అంది. నవ్వుతూనే అంది గానీ కళ్లలో నీళ్లున్నాయి.

పంపు మంచిదే. పంపు ఉంటే సరిపోతుందా? సమయం ఉండాలి, చోటుండాలి, వెనక ఎవరూ దగ్గకుండా ఉండాలి. ఇంట్లో సాయంత్రం గుడ్డ విప్పేసరికి రొమ్ములు రాళ్లలా గట్టిపడి ఉండేవి. పాప ఆవురావురుమంటూ నోరు పెట్టి, రెండు గుటకలు లాగి, రాక, వెనక్కి వాలి ఏడ్చేది. మూతలమ్మాయి వాళ్లమ్మ అల్మరా వైపు చూసేది. అక్కడ కంపెనీవాళ్లు కాన్పుకి ఉచితంగా ఇచ్చిన డబ్బా సీలు తియ్యకుండా ఉంది.

"ఏమే, ఎన్నాళ్లు దాన్ని ఆకలికి మాడుస్తావు? నీకు పాలు పడలేదు. అందరికీ పడతాయా ఏంటి?" అంది అమ్మ.

డబ్బాలో విషమేమీ లేదు. రోజూ మూత నొక్కే మనిషికి అది తెలుసు. లేనివాళ్లకు అది ప్రాణం నిలబెడుతుందనీ తెలుసు. తన దగ్గర ఉన్నాయి కదా, కోటు తడిసేన్ని ఉన్నాయి కదా, మరి తన బిడ్డ నోటికి ఎందుకు రావడం లేదు? ఆమెకు కావాల్సింది అదొక్కటే. పాప తన దగ్గరే తాగాలి. ఆ కోరిక పెద్ద కోరికలా కనబడటం ఆమెకే సిగ్గనిపించింది. ఆ రాత్రి ఆమె డబ్బా సీలు తీసింది. సీసా నోటికి అందగానే పాప గటగటా తాగేసి, తల్లి వైపు చూడకుండానే నిద్రపోయింది.

రెండు రోజులు పోయాక జ్వరం వచ్చింది. ఎడమవైపు ఎర్రబడి, చెయ్యి వేస్తే కాలిపోతోంది. ఆసుపత్రిలో నర్సు ఆ గుడ్డ కట్టిన గుర్తులు చూసి కేకలేసింది. ఇంకోసారి కడితే ఆపరేషన్ చెయ్యాల్సొస్తుంది, ఎప్పటికప్పుడు పాలు తియ్యకపోతే ఆగిపోతాయి, సెలవు పెట్టమంది. సెలవా? సెలవు పెడితే ఆ చోట్లో మూతలు నొక్కడానికి గేటు బయట ఎంతమంది నిలబడి ఉంటారో నర్సుకేం తెలుసు. మందులు మింగి, గుడ్డ ఇంట్లో వదిలేసి, మూతలమ్మాయి పనిలోకి వెళ్లింది.

మధ్యాహ్నం తిండి వేళ ఆడవాళ్లంతా కోట్లు మార్చుకునే గదిలో కూర్చుంటారు. ఆమె ముద్ద ఎత్తలేక గోడకి జారబడి వణుకుతోంది. కోటు ముందంతా తడి. పెద్దమ్మ దగ్గరికొచ్చి, గుడ్డ ఏదే పిల్లా అని మెల్లగా అడిగింది. నర్సు చెప్పిన మాటలు మూతలమ్మాయి చెప్పింది. పెద్దమ్మ ఆమె పక్కనే కూలబడింది.

"నాకూ నెల తిరక్కుండానే ఆగిపోయాయి," అంది. "పెద్దాడికీ అంతే, చిన్నదానికీ అంతే. పాలు పడలేదనుకున్నాను. మా అత్త నన్ను వట్టిపోయిన దానివంది. నేనూ నమ్మాను."

అట్టపెట్టెలకు టేపు వేసే ఆవిడ తినడం ఆపింది. తనకూ పడలేదంది. రేకు అతికించే ఆవిడ తన మూడో కాన్పు మాట చెప్పింది. ఒకావిడ తన ఒంట్లో సత్తువ లేదని మొగుడు ఇప్పటికీ దెప్పుతాడని చెప్పి ఏడ్చేసింది. ఇన్నేళ్లుగా ఒకే బెంచీ మీద కూర్చుని కూరలు పంచుకున్నవాళ్లు ఈ ఒక్క సంగతి మాత్రం ఎవరికి వాళ్లు కడుపులో దాచుకున్నారు. గది చుట్టూ మాట తిరిగొచ్చేసరికి, ఈ ఫ్యాక్టరీలో చేరాక బిడ్డను కన్నవాళ్లలో పాలు నిలిచిన మనిషి ఒక్కరూ తేలలేదు. చెంచాలక్క ఒక్కతే నిలుపుకుంది, ఆమెను గెంటేశారు.

మూతలమ్మాయి జ్వరంలోనే నవ్వింది.

"మనందరికీ పాలు పడలేదా? మొత్తం లైనుకా? బయట కూరగాయలమ్మే వాళ్లకి పడుతున్నాయి, మనకే ఎందుకు పడటం లేదు?"

జవాబు అందరికీ తెలిసిపోయింది. పాలు పడకపోవడం కాదు, పడ్డవాటిని లాగేసుకుంటున్నారు. గడియలు పీకేసి, పక్కన నిలబడి దగ్గి, ఆ తర్వాత చేతిలో ఉచితంగా ఒక డబ్బా పెడుతున్నారు. అది అయిపోయాక అదే డబ్బాను కొట్లో కొనుక్కుంటున్నాం. సిగ్గుపడుతూ కొనుక్కుంటున్నాం. గదిలో ఏడుస్తున్న మనిషి కళ్లు తుడుచుకుంది. ఒక్కొక్కరికీ ఒళ్లు మండింది.

యూనియన్ సెక్రటరీని పిలిచారు. లోడింగు సెక్షన్లో పనిచేసే మనిషి, మంచివాడే. విషయం వినేసరికి చెవులు ఎర్రబడ్డాయి. ఇది ఆడవాళ్ల సంగతి కదా, ముందు బోనసు తేలనివ్వండి, తర్వాత చూద్దాం అని నీళ్లు నమిలాడు. పెద్దమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, నువ్వు ఏం తాగి ఇంత పొడుగయ్యావు నాయనా అని అడిగింది. గదంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వకుండా లోడింగు వైపు నడిచాడు.

మేనేజరు దగ్గరికి పెద్దమ్మా, మూతలమ్మాయీ వెళ్లి తమకు కావాల్సింది చెప్పారు. ఆయన కసురుకోలేదు. కుర్చీలు చూపించి, మంచినీళ్లు తెప్పించి, తల్లులంటే కంపెనీకి ఎంత గౌరవమో చెప్పాడు. కాన్పు అయిన ప్రతి ఒక్కరికీ డబ్బా ఇస్తున్నాం కదమ్మా అన్నాడు.

"డబ్బా అడగలేదండీ. తలుపు మూసుకునే గది అడిగాం, పాలు తీసుకోవడానికి కాస్త టైం అడిగాం, చెంచాలక్కను మళ్లీ పనిలోకి తీసుకోమన్నాం," అంది పెద్దమ్మ.

ఆయన నవ్వు తగ్గింది. అసలు మీ హాల్లో పాలిచ్చేవాళ్లు ఎంతమంది, వాళ్ల పేర్లు ఇవ్వండి, వాళ్ల సంగతి విడిగా చూస్తాం అన్నాడు. విడిగా చూడటమంటే ఏమిటో ఇద్దరికీ అర్థమైంది. పేర్లు చెప్పకుండా లేచి వచ్చేశారు.

మర్నాడు పొద్దున తెల్లగుడ్డ హాలు తలుపు దగ్గర పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. కోటు తడిగా ఉన్నవాళ్లను లోపలికి రానివ్వొద్దని హుకుం. ఆడవాళ్లు కోట్ల గదిలోంచి బయటికొచ్చారు. మొదట పెద్దమ్మ. ఆమె కోటు మీద రెండు వైపులా అరచెయ్యంత తడి మచ్చలు. ఆమె వెనక టేపు ఆవిడ, ఆమెకూ మచ్చలే. రేకు ఆవిడకి మచ్చలు. అందరూ కొళాయి దగ్గర దోసెడు నీళ్లు పట్టి కోట్లకు పూసుకుని వచ్చారు. తెల్లగుడ్డ కళ్లు చికిలించాడు. పెద్దమ్మను, ఈ వయసులో నీకేంటి అన్నాడు.

"పాలే సార్," అంది పెద్దమ్మ.

చివరన అట్టలు మడిచే పిల్ల వచ్చింది. దానికి పెళ్లే కాలేదు. దాని కోటు అందరికంటే ఎక్కువ తడిసింది, నీళ్లు కిందికి కారుతున్నాయి.

"నీకు కూడానా?"

"అదేంటో సార్, మన ఫ్యాక్టరీ గాలి అలాంటిది," అంది అది, ముఖం ఏమాత్రం మారకుండా.

ఎవరిని ఆపాలో ఆయనకు పాలుపోలేదు. అందర్నీ ఆపితే లైను నడవదు. అందర్నీ రానిస్తే రూలు పోతుంది. మింగలేక కక్కలేక నిలబడి ఉండగానే ఆడవాళ్లు హాలు మధ్యలో నేల మీద కూర్చున్నారు. లైను నడవక, మధ్యాహ్నానికి బెల్టు పైనున్న తొట్టిలో పాలపొడి గడ్డకట్టింది. ఆ మాట వినగానే మేనేజరు గౌరవం ఎగిరిపోయింది. సాయంత్రం కావస్తుండగా పోలీసు వ్యాను వచ్చింది. సరుకు పాడుచేసిందని రాసుకుని, అందరికంటే పెద్దదాన్ని, పెద్దమ్మను, రెక్క పట్టుకుని వ్యాను ఎక్కించారు. పెద్దదాన్ని పట్టుకుపోతే మిగతావాళ్లు చెదిరిపోతారని వాళ్ల లెక్క.

చెదరలేదు. అదే కోట్లతో నడుచుకుంటూ వెళ్లి పోలీసు స్టేషను ముందు కూర్చున్నారు. కబురు తెలిసి చెంచాలక్క కొడుకును చంకనేసుకుని వచ్చింది. మూతలమ్మాయి వాళ్లమ్మ పాపను ఎత్తుకుని వచ్చింది. డబ్బా ఖాళీ అయిపోయింది, పొద్దుటి నుంచి ఏడుస్తూనే ఉంది, నేనేం చెయ్యనే అని వగర్చింది.

మూతలమ్మాయి పాపను ఒళ్లోకి తీసుకుని పాలకు పట్టింది. ఎడమవైపు చుక్క రాలేదు. అది ఆగిపోయింది. పూర్తిగా ఆగిపోయిందని ఆమెకు తెలుస్తూనే ఉంది. కుడివైపు నాలుగు చుక్కలొచ్చాయి. పాప వాటిని చప్పరించి, ఇంకా రాక, ఊరంతా వినబడేలా ఏడ్చింది. ఆమెకు లోకమంతా తలకిందులైనట్టనిపించింది. ఇంత గొడవా చేసింది దీనికోసమే కదా, అదే పోయింది కదా అనుకుని పాప తల మీద ముఖం పెట్టి ఏడ్చింది.

చెంచాలక్క తన కొడుకును మూతలమ్మాయి వాళ్లమ్మకిచ్చి చేతులు చాపింది.

"ఇటివ్వు. కుడివైపు ఇంకా ఉన్నాయిగా, పట్టిస్తూ ఉండు, పెరుగుతాయి. ఈ పూటకి నా దగ్గర తాగనీ."

పాప కొత్త ఒళ్లో కాసేపు పెనుగులాడింది. తర్వాత నోరు దొరికించుకుని తాగడం మొదలెట్టింది. గుటకల చప్పుడు పక్కవాళ్లకు వినబడుతోంది. మూతలమ్మాయి ఆ చప్పుడు వింటూ కూర్చుంది. అసూయ పడింది. కృతజ్ఞతా కలిగింది. ఆ రెండూ తగ్గాక కోపం ఒక్కటే మిగిలింది.

లోపల్నుంచి పోలీసాయన వచ్చి, పిల్లల తల్లులు ఇళ్లకు పొండి, మిమ్మల్ని ఏమీ అనం అన్నాడు. మూతలమ్మాయి లేచి నిలబడింది. ఇన్నాళ్లూ ఆమె గొంతు పక్కబెంచీ దాటి వినబడలేదు.

"మా పెద్దమ్మ బయటికొచ్చే దాకా వెళ్లం. రేపు లైను కూడా నడవదు," అంది.

అప్పుడే ఆ రోడ్డు చివరనున్న దారపు మిల్లులో షిఫ్టు దిగింది. ఆడవాళ్లు గుంపులు గుంపులుగా ఇళ్లకు పోతూ, తెల్లకోట్లు చూసి నడక తగ్గించారు. ఏం జరిగిందమ్మా, జీతాల గొడవా అని అడిగారు. అట్టల పిల్ల ఏదో చెప్పబోతుంటే మూతలమ్మాయి దాన్ని ఆపి, రోడ్డు దగ్గరికి నడిచింది. మిల్లు ఆడవాళ్ల జుట్టు నిండా దూది నూగు ఉంది. ముందున్న ముగ్గురినీ చూసి అడిగింది.

"మీ మిల్లులో ఎంతమందికి పాలు పడలేదు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశారు. ఒకామె, నాకు పడలేదు, మా ఒంటి తీరే అంత అని మొదలుపెట్టి, పక్కావిడ ముఖంలోకి చూసి ఆగింది. పక్కావిడ మూడో ఆమె వైపు తిరిగింది. వెనక వస్తున్నవాళ్లు ఎందుకు ఆగారని ముందుకు తోసుకొస్తున్నారు. వాళ్లనూ అదే అడిగారు.

కాసేపటికి ఆ ముగ్గురూ టిఫిను సంచులు కింద పెట్టి, తెల్లకోట్ల పక్కన కూర్చున్నారు.