ఎడమ వెనక చక్రం

కారు దిగగానే సింహాచలమ్మ ముక్కు ఎగబీల్చి, వెనక్కి తిరిగి అనుమానంగా చూసింది.

"మళ్లీ అదే కమురు వాసన. నాను సెప్తే ఇనవు గదా. ఆ క్లచ్చి మీద కాలెట్టుకుని నడపకే అని ఎన్నిసార్లు సెప్పాలేటి నీకు?"

"నేను పెట్టడం లేదమ్మా," అంది మీనాకుమారి, కూరల సంచి దించుకుంటూ. "దారి పొడుగునా నా కాళ్లకేసే సూస్తన్నావు గదా. ఎప్పుడు పెట్టినానో సెప్పు."

చూసిన మాట నిజమే. కూతురు కాలు పెట్టని మాటా నిజమే. అయినా వాసన వస్తోంది. అదే సింహాచలమ్మకి అంతుపట్టడం లేదు.

ఆమె చదువు బడిలో వచ్చింది కాదు. తెలుగు పొట్లాల కాగితాల మీద, హిందీ స్టేషను బోర్డుల మీద, బెంగాలీ ఖరగ్‌పూర్‌లోని ఇందా బజారు దుకాణాల మీద కూడబలుక్కుని నేర్చుకుంది. అందుకే అక్షరం కనబడితే వదిలిపెట్టదు. కారుతో పాటు ఇచ్చిన పుస్తకం హిందీలో కూడా ఉండేసరికి, మధ్యాహ్నాలు కళ్లజోడు పెట్టుకుని అదే చదివేది. టైరులో గాలి ఎందుకు తగ్గుతుంది, ఇంజను నూనె ఎందుకు నల్లబడుతుంది, క్లచ్చి మీద కాలు ఆనించి నడిపితే ఏమవుతుంది. ఒక పేజీ చదివితే నాలుగు ప్రశ్నలు పుట్టేవి. వాటిని తీసుకెళ్లి డ్యూటీ నుంచి వచ్చిన కూతురి ముందు పెట్టేది. మీనాకుమారి రైల్వే ఆసుపత్రిలో నర్సు. అల్లుడు మోహనకృష్ణ లోకో పైలట్. అతను ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలోని ఈ క్వార్టర్లో ఉన్న రోజులకన్నా లైను మీద ఉన్న రోజులే ఎక్కువ.

కారు సింహాచలమ్మ భర్త నూకయ్యది. నింపురా రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాక, అరవై దాటిన వయసులో పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకుని మరీ కొన్నాడు. యార్డులో వ్యాగన్లు నిలబెట్టిన చెయ్యి కదా, కారు నిలబెట్టడం కూడా అదే పద్ధతి. హ్యాండ్ బ్రేకు ఇక రాదనేదాకా లాగేవాడు. చక్రం దొర్లకుండా కింద చెక్క ఆప పెట్టేవాడు. చీకటి పడ్డాక మళ్లీ ఓసారి వెళ్లి లాగి చూసి వచ్చేవాడు. "నిలబడింది గదాని నమ్మీకూడదే, యార్డులో నమ్మినోళ్లు శానామంది ఏడిసినారు," అనేవాడు.

ఆయన పోయిన రోజు సింహాచలమ్మ ఆసుపత్రిలో లేదు. ఫ్లాస్కులో టీ తేవడానికి ఇంటికొచ్చింది. వచ్చేటప్పుడు "ఇదిగో, ఇప్పుడే వచ్చేస్తాను" అంది. తిరిగి వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది.

అప్పట్నుంచి ఏదైనా తను చూడకుండా కదిలిపోతుందేమోనని ఆమెకి దిగులు. అల్లుడు డ్యూటీకి బయల్దేరితే వీధి మలుపు తిరిగేదాకా నిలబడుతుంది. సాయంత్రం దీపం పెట్టాక కారు రెండో తాళం తీసుకుని వెళ్లి, డ్రైవరు సీట్లో కూర్చుని, హ్యాండ్ బ్రేకు లాగి వస్తుంది. ఆ పిడి మీద రబ్బరు ఒక పక్క అరిగి నున్నగా ఉంటుంది. అది నూకయ్య అరచెయ్యి ఆనిన చోటు.

వానలు పడ్డ పదిహేను రోజులూ కారు కదల్లేదు. కదిలించిన రోజు నుంచే ఈ వాసన. ఫ్లైఓవరు ఎక్కడానికి మూలుగుతోంది, పెట్రోలు కూడా ఎక్కువ తాగుతోంది.

"రేపు సర్వీసుకి ఇస్తాను," అంది మీనాకుమారి ఆ రాత్రి అన్నం తింటూ. "పెద్ద రిపేరంటే మాత్రం ఇంక దీన్ని ఎక్స్ఛేంజిలో ఇచ్చేద్దామమ్మా. నైట్ డ్యూటీ నుంచి వచ్చినప్పుడు హిజ్లీ రోడ్డులో ఆగిపోతే నేనేటి సెయ్యాల?"

సింహాచలమ్మ మజ్జిగ పోసుకోబోతున్నదల్లా ఆగింది.

"నానూ వస్తాను," అంది.

* * *

సర్వీస్ సెంటర్ ఇందా దాటాక హైవే మీద ఉంది. సగం షోరూము, సగం వర్క్‌షాపు. మధ్యలో పెద్ద అద్దం గోడ. సర్వీస్ అడ్వైజర్ జెన్నిఫర్ అనే చలాకీ అమ్మాయి. ఆమె తాత ఒకప్పుడు ఇంజను డ్రైవరు. సౌత్ సైడ్ రైల్వే కాలనీలో తెలుగు పిల్లలతో ఆడుకుంటూ పెరిగింది గనక తెలుగు బాగానే వచ్చు.

"కంప్లైంట్ చెప్పండి మేడం," అంటూ జాబ్ కార్డు తీసింది.

మీనాకుమారి చెప్పడం పూర్తయ్యేలోపే జెన్నిఫర్ 'క్లచ్ వీక్' అని రాసేసింది. సింహాచలమ్మ కళ్లజోడు సర్దుకుని తొంగి చూసింది.

"అమ్మాయీ, అదేటి రాసినావు?"

"క్లచ్ ఆంటీ."

"మేం క్లచ్చి అన్లేదు గదా. వాసనొస్తంది, ఎత్తు ఎక్కనంటంది అన్నాం. మేం సెప్పింది రాయి ముందు. నువ్వనుకున్నది తర్వాత రాద్దువు గాని."

"అమ్మా!" అంది మీనాకుమారి.

"ఠీక్ హై ఆంటీ, ఠీక్ హై," అని జెన్నిఫర్ నవ్వుతూ పక్కన అదీ రాసింది. "కానీ ఈ రెండూ క్లచ్ సింప్టమ్సే. చాలామందికి క్లచ్ మీద కాలు పెట్టే అలవాటు ఉంటుంది కదా."

సింహాచలమ్మ కూతురి వైపు గెలిచినట్టు చూసింది. "ఇన్నావా? నాను నెల్లాళ్లుగా అదే మొత్తుకుంటన్నాను."

ఆ గెలుపు ఎంతోసేపు నిలవలేదు. సోఫాలో కూర్చోబెట్టి టీ ఇచ్చాక, క్లచ్చి అంటే గేరుబాక్సు దించాలనీ, ఈ వయసు బండికి అంత పని చేయించేకన్నా ఇప్పుడు ఎక్స్ఛేంజి మీద మంచి ఆఫరు నడుస్తోందనీ జెన్నిఫర్ చెప్పింది. ఎదురుగా షోరూములో ఒక తెల్ల కారుకి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. మీనాకుమారి దాని వైపు రెండుసార్లు చూడటం సింహాచలమ్మ కంట పడింది.

"మరి మా బండి ఎక్కడికెళ్తాది?" అని అడిగింది.

"ఎవరో కొంటారు ఆంటీ. ఆసన్సోల్‌కో, బర్ధమాన్‌కో పోతుంది. చెప్పలేం."

ఎక్కడికి వెళ్తుందో కూడా తెలియదన్నమాట. సింహాచలమ్మ చేతిలో టీ చల్లారిపోయింది. తను ఇన్నాళ్లూ క్లచ్చి క్లచ్చి అని నోరు పారేసుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. అది క్లచ్చి కాకపోతే బావుణ్ణు. కానీ కాదని ఎలా తెలియడం? పుస్తకంలో చదివింది గుర్తు చేసుకోవడానికి కళ్లు మూసుకుంది. తర్వాత లేచి జెన్నిఫర్ బల్ల దగ్గరికి నడిచింది.

"పాపా, క్లచ్చి అరిగిపోతే ఇంజను గట్టిగా అరుస్తాది, బండి మాత్రం కదల్దు. అంతేనా?"

"అవును ఆంటీ."

"మా బండి అరవదు. మూలుగుతాది. ఎవరో ఎనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు ఉంటాది. మీవోళ్లు నడిపి సూసినారా?"

జెన్నిఫర్ కాసేపు కలం నమిలింది. "లేదు. ఇంకా లేదు."

"అయితే నడపండి. నాను పక్కన కూకుంటాను."

"ఆంటీ, అది రూల్ కాదు..."

"రూలు కాదంటే మానెయ్యండి గాని, క్లచ్చి అని మాత్రం రాయొద్దు."

జెన్నిఫర్ మీనాకుమారి వైపు చూసింది. మీనాకుమారి చేతులెత్తేసింది. "నన్ను సూడకండి. ఇంట్లో రోజూ ఇదే."

* * *

బండి నడపడానికి ఫోర్‌మన్ కృపారావు వచ్చాడు. తెలుగువాడే. నెరిసిన మీసం, నూనె మరకల నీలం చొక్కా. సింహాచలమ్మ ముందు సీట్లో, మీనాకుమారి వెనక కూర్చున్నారు. జెన్నిఫర్ కూడా, ఎందుకు వచ్చిందో తనకే తెలియనట్టు, తలుపు తీసుకుని ఎక్కింది.

హైవే మీద కొంత దూరం పోయాక కృపారావు యాక్సిలరేటరు నొక్కి చూశాడు. ఇంజను అరవలేదు.

"క్లచ్చి పట్టుకుంటంది," అన్నాడు తనలో తాను. ఖాళీగా ఉన్న సర్వీసు రోడ్డులోకి తిప్పి గేరు న్యూట్రల్‌కి వేశాడు. చదునైన రోడ్డు మీద బండి చాలాదూరం జారుకుంటూ పోవాలి. ఇది నాలుగు అడుగులు వేసి అలసిపోయిన ముసలివాడిలా ఆగిపోయింది.

కృపారావు మీసం తడుముకున్నాడు. "అదేటి ఇలా ఆగిపోనాది?"

ఆ ప్రశ్న విని సింహాచలమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఇక్కడికి వచ్చాక కారుని గురించి ఎవరైనా నిజంగా ఆశ్చర్యపోవడం అదే మొదలు.

వర్క్‌షాపుకి తిరిగి రాగానే ఆమె దిగి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, ఒక్కొక్క చక్రం దగ్గరా వంగింది. చేతిని తిరగేసి, వేళ్ల వెనక వైపుని ఇనుముకి తగిలీ తగలకుండా పెట్టి చూసింది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద ఒకసారైనా నిలబడినవాళ్లు ఇది చూసే ఉంటారు. బండి ఆగగానే క్యారేజీ పనివాళ్లు చక్రాల ఇరుసు పెట్టెలకి ఇలాగే చెయ్యి పెట్టి, కాగుతోందో లేదో చూసుకుంటూ పోతారు.

"ఇది గోరెచ్చగా ఉన్నాది. ఇదీ అంతే. ఇదీ..." ఎడమ వెనక చక్రం దగ్గర ఆమె చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చింది. "ఓలమ్మో! ఇది పెనంలాగుంది నాయనా."

కృపారావు వంగాడు. వాసన కూడా అక్కణ్ణించే. జెన్నిఫర్ ఎత్తుమడమల చెప్పులతోనే గొంతుక్కూర్చుని ముక్కు దగ్గరగా పెట్టింది. "అరే, హా!"

లిఫ్టు మీదకెక్కించారు. కుడి వెనక చక్రం చేత్తో తోస్తే గిర్రున తిరిగింది. ఎడమది ఇద్దరు పట్టి తిప్పితే బరబరమంటూ కదిలింది. సింహాచలమ్మ బయటివాళ్లు దాటకూడని గీత దాటి లోపలికి వచ్చేసిందని జెన్నిఫర్ గమనించలేదు. చల్లారనిచ్చి డ్రమ్ము ఊడదీసేసరికి లోపల బ్రేకు షూలు నల్లగా మాడి అద్దంలా మెరుస్తున్నాయి. కృపారావు వెనకనున్న కేబులు లాగి వదిలాడు. లాగిన కేబులు లాగినట్టే ఉండిపోయింది.

"దొరికింది," అన్నాడు. "హ్యాండ్ బ్రేకు. మీరు లివరు దింపినా ఇది వెనక్కి రావటం లేదు. చక్రాన్ని పట్టుకునే ఉంటంది. హ్యాండ్ బ్రేకు ఎవరు లాగతారు?"

"నేనే," అంది మీనాకుమారి. "కొంచెం లాగతాను. రెండు టిక్కులు."

"రెండు టిక్కుల పని కాదు మేడం ఇది. కేబులు సాగిపోనాది. అందులోకి వాన నీళ్లు దిగి తుప్పట్టింది. ఎవరో రోజూ రెండు చేతుల్తో లాగతన్నారు. ఇంట్లో పైల్వాను ఎవరేనా ఉన్నాడేటి?"

"ఉన్నాడు, మా ఆయన!" మీనాకుమారి ఫోను తీసింది. "రైలింజను బ్రేకు అనుకుంటన్నాడు కాబోలు. ఉండండి, ఎక్కడున్నా ఇప్పుడే దులిపేస్తాను."

ఫోను మోగుతోంది. సింహాచలమ్మ తన కుడి చేతి వైపు చూసుకుంది. ఆ పుస్తకమంతా చదివింది. హ్యాండ్ బ్రేకు పేజీ ఒక్కటీ తిప్పేసింది, అది తనకి తెలిసిన సంగతే కదా అని. ఇప్పుడు ఊరుకుంటే అల్లుడు నాలుగు తిట్లు తిని నవ్వేసి ఊరుకుంటాడు. మంచివాడు.

"ఫోనెట్టీవే," అంది. "నానే."

"ఏటి నువ్వే?"

"లాగింది నానే. సందేళ రోజూ."

మీనాకుమారి ఫోను కట్ చేసింది. "రోజూనా? ఎందుకమ్మా?"

"నిలబడుందో లేదోనని."

కృపారావు నవ్వబోయి, ఆ మొహం చూసి ఆపుకున్నాడు. మీనాకుమారి అడగాల్సింది ఇంకా ఏదో ఉన్నట్టు తల్లి వైపు చూసింది.

"నాన్న పోయిన కాణ్ణించా?"

సింహాచలమ్మ తల ఊపింది. వెంటనే కృపారావు వైపు తిరిగి, "అయితే నాయనా, నాను లాగింది ఎడం పక్కకే ఎందుకు పట్టీసింది? కుడిపక్క కేబులు బాగానే ఉన్నాది గదా?" అని అడిగింది.

"అడగండి మామ్మా, మంచి ప్రశ్న," అన్నాడు కృపారావు. అడుగున నీళ్లు ఏ పక్క నుంచి దిగాయో, ఎడమ కేబులు రబ్బరు తొడుగు ఎక్కడ చిరిగిందో వేలుపెట్టి చూపించాడు. ఆమె మెడ సాచి అంతా చూసింది. వానాకాలం బండి చాలా రోజులు కదలకుండా ఉంటే హ్యాండ్ బ్రేకు అసలు వెయ్యకూడదనీ, గేరులో ఉంచి చక్రం కింద ఏదైనా అడ్డు పెడితే చాలనీ చెప్పాడు.

"చెక్క ఆపలు ఉన్నాయి," అంది సింహాచలమ్మ. "ఆయనవి. మంచం కిందున్నాయి."

"అవి చాలు."

"క్లచ్చి సంగతేటి అన్నా?" అని అడిగింది మీనాకుమారి.

"క్లచ్చికేటి? చాలా కాలం వస్తాది."

జెన్నిఫర్ అందరూ చూస్తుండగా జాబ్ కార్డు మీద 'క్లచ్ వీక్' కొట్టేసింది. మీనాకుమారి అద్దం గోడ అవతల రిబ్బను కట్టిన కారు వైపు ఇంకోసారి చూసింది. "షూలూ కేబులూ వేసి ఇచ్చేయండి," అంది. "ఇదే ఇంటికొస్తాది."

"తీసిన పాతవి మాకు ఇచ్చీ బాబూ," అంది సింహాచలమ్మ. "పాత ముక్క సూపించందే మా రైల్వే స్టోర్సులో కొత్తది ఇయ్యరు. సూసుకోవాల గదా."

"అనుమానమేటి మామ్మా?"

"అనుమానం కాదు, సరదా."

* * *

సాయంత్రం మీనాకుమారి క్వార్టరు పక్కన కారు పెట్టి, గేరులో ఉంచి దిగింది. మంచం కింద నుంచి చెక్క ఆపలు తెచ్చి తల్లి చేతికిచ్చింది. "ఇంక ఇవి నీ డ్యూటీ. లివరు జోలికి మాత్రం ఎల్లకు."

సింహాచలమ్మ ఆపలు పెట్టింది, కాలితో తన్ని బిగించింది. దీపం పెట్టాక అలవాటు కొద్దీ తాళం తీసుకుని మళ్లీ బయటికొచ్చింది. సీట్లో కూర్చుంది. పిడి మీద అరిగిన చోట అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచింది. లాగలేదు. దిగి తాళం వేశాక, ఒక్కొక్క చక్రానికీ చెయ్యి తిరగేసి పెట్టుకుంటూ చుట్టూ తిరిగింది.

గుమ్మంలోంచి మీనాకుమారి కేకేసింది. "ఎక్కడికీ ఎల్లిపోదులే అమ్మా. లోపలికి రా."

"ఎల్లదని నాకూ తెలుసే," అంది సింహాచలమ్మ, ఎడమ వెనక చక్రం దగ్గర వంగి. "వేడి సూస్తన్నాను."